సముద్రపుగాలి విడిచి లోపలి శివారుకు: ఇల్లు మారేముందు దేశవిచారణ

ఇల్లు మారదలచిన గృహస్థు అద్దె ఎంత, బడి ఎంత దూరం, కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది, వాస్తు కుదిరిందా లేదా అని విచారిస్తాడు. ఆ ప్రదేశపు ఎండ, గాలి తన ఇంటివారి శరీరాలకు సరిపడతాయా అని విచారించేవారు అరుదు. ఆయుర్వేదంలో ఈ విచారణకు ప్రత్యేక స్థానం ఉంది. రోగి ఏ దేశంలో పుట్టాడు, ఏ దేశంలో పెరిగాడు, ఏ దేశంలో జబ్బుపడ్డాడు అన్నది వైద్యుడు తెలుసుకోవాలని చరకుడు విధించాడు. దేశమంటే ఇక్కడ రాజ్యం కాదు. నేల, నీరు, గాలి, చెట్టుచేమ కలిసిన భూభాగం.

ఈ పాఠానికి కారణం ఒక కుటుంబం. విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ వైపు, సముద్రానికి నడిచిపోయేంత దూరంలో, పన్నెండేళ్లుగా అద్దెకు ఉన్నవారు. పెందుర్తి దాటిన తరువాత కొత్తవలస మార్గంలో వారికి సొంత ఇల్లు సమకూడే అవకాశం వచ్చింది. ఇల్లు విశాలమైనది, చుట్టూ జాగా ఉంది, అద్దె బాధ తీరుతుంది. అయితే ఇంటి యజమాని తండ్రిగారికి డెబ్బై నాలుగేళ్లు. రక్తపోటు, కాళ్లవాపు ఉన్నందున మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నారు. మనుమరాలికి ఏడేళ్లు, వర్షాకాలం వస్తే ఆయాసం. “అక్కడి ఎండలు భరించలేమని అందరూ అంటున్నారు. నాన్నగారిని తీసుకువెళ్లవచ్చునా? పాపకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా?” అని ఆయన ఫాల్గుణమాసంలో వచ్చి అడిగారు. వైశాఖంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించుకున్నారు. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆయనకు విడతలుగా చెప్పిన సంగతులనే ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను.

పొడినేల చెడ్డ నేల కాదు

శాస్త్రకారులు భూమిని మూడు విధాలుగా విభజించారు. నీరు, చెట్లు సమృద్ధిగా ఉండి తేమతో కూడినది అనూప దేశం. నీరు, చెట్లు తక్కువగా ఉండి ఎండ, పొడిగాలి అధికంగా ఉండేది జాంగల దేశం. రెంటి లక్షణాలూ కలిసినది సాధారణ దేశం. అనూపంలో కఫం, జాంగలంలో వాతం ప్రబలుతాయనీ, సాధారణ దేశంలో దోషాలు సమంగా ఉంటాయనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో పేర్కొన్నాడు.

చాలామంది గమనించని విశేషం ఒకటుంది. పూర్వవైద్యులు జాంగల దేశాన్ని నిందించలేదు. పైగా అక్కడ రోగాలు తక్కువని చెప్పారు. రోగాలు అధికమని వారు చెప్పినది తేమ నేలనే. మనం ఎండను చూసి భయపడతాం, తేమను పట్టించుకోం. సముద్రతీరపు ఇళ్లలో గోడలకు బూజు, పరుపులలో ముక్క వాసన, ఇనుప కిటికీలకు తుప్పు మనకు అలవాటైపోయాయి. ఇంటిధూళిలో కంటికి కనిపించని పురుగులు ఉంటాయనీ, గాలిలో ఆర్ద్రత 50 శాతం మించిన చోట అవి వృద్ధిపొందుతాయనీ, ఉబ్బసాన్ని రేపే కారణాలలో అవి ముఖ్యమైనవనీ ఆధునికులు నిరూపించారు. కఫప్రధానమైన ఆయాసానికి పొడినేల హితమన్న ప్రాచీనుల మాటకు ఇది ఒక సమర్థన. అయితే కొత్త శివారులో లారీల దుమ్ము, సగం కట్టిన ఇళ్ల సిమెంటు ధూళి, సమీపంలో రాతి క్రషరు ఉంటే ఈ లాభమంతా హరించుకుపోతుంది. పాప విషయంలో నేను మొదట అడిగిన ప్రశ్న ఎండ గురించి కాదు, ఆ వీధికి తారు వేశారా అని.

పెందుర్తి, కొత్తవలస ప్రాంతాలు అచ్చమైన జాంగలం కావని కూడా చెప్పాలి. రాయలసీమ మెట్టనేలల పొడితనం అక్కడ లేదు. వరిచేలు, చెరువులు, కొండలు ఉన్న నేల అది. వేసవిలో మధ్యాహ్నం జాంగల స్వభావాన్నీ, వానలు మొదలైనాక అనూప స్వభావాన్నీ చూపుతుంది. సాధారణ దేశమని అనుకోవచ్చు. కాని ఆ వేసవి నెలలే ముసలివారికి పరీక్ష.

ఎండ వేరు, ఉక్క వేరు

తీరంలో ఉదయం పది పదకొండు గంటల వేళకు నేల వేడెక్కి, సముద్రం మీది గాలి ఒడ్డుకు వీచడం మొదలవుతుంది. అది లోపలికి పోయేకొద్దీ ఆలస్యమవుతుంది, కొండల మలుపులలో బలం తగ్గుతుంది. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరానికి అది చేరేలోపు ఎండ తన పని తాను చేసేస్తుంది. పడమటి గాలులు బలంగా వీచిన రోజులలో ఆ సముద్రపుగాలి ఒడ్డును కూడా దాటలేదు. 2015 మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించారు. ప్రకాశం, గుంటూరు వంటి తీరజిల్లాలు కూడా తీవ్రంగా దెబ్బతిన్నాయి. సముద్రం దగ్గర ఉన్నంత మాత్రాన అభయం లేదు.

శరీరం తన వేడిని ప్రధానంగా చెమట ద్వారా పోగొట్టుకుంటుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడి పోతుంది. జారి నేలపాలైన చెమట చల్లబరచదు, ఆవిరైనదే చల్లబరుస్తుంది. అందుచేత గాలిలోని తేమను కూడా లెక్కించాలి. ఉదాహరణకు ఒడ్డున 34 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతం ఉన్నదనుకోండి. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపిని అక్కడ సుమారు 29 చూపుతుంది. లోపల 40 డిగ్రీలు, ఆర్ద్రత 35 శాతం ఉంటే అదే తడి ఉష్ణమాపిని సుమారు 27 చూపుతుంది. అంటే లోపలి ఊళ్లో చెమట తేలికగా ఆరుతుంది. కాని అక్కడి గాలి చర్మం కన్నా వేడిది, కనుక శరీరం ఎక్కువ చెమట కార్చవలసి వస్తుంది. ఆ చెమట ఆరిపోతూ ఉండడం వల్ల ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. తీరవాసికి బట్టలు తడిసి ముద్దయితే గాని దప్పిక గుర్తుకు రాదు. ఈ అలవాటుతో లోపలికి పోయినవాడు ఒళ్లు పొడిగానే ఉన్నదనుకుంటూ నీరసించిపోతాడు. కొత్తగా వెళ్లినవారికి మొదటి వేసవిలో కలిగే ప్రమాదం ప్రధానంగా ఇదే.

వాతావరణశాఖ వారు కూడా ఒకే కొలత అందరికీ పెట్టలేదు. మైదానాలలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు చేరి, అది ఆ స్థలానికి సాధారణమైన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు అధికమైతే వడగాలిగా పరిగణిస్తారు. ఏ నేల మనిషికి ఆ నేల వేడిమి కొంత సాత్మ్యమై ఉంటుందన్న అంశం ఇందులోనూ ఇమిడి ఉంది.

ఒక చిన్న ప్రయోగం చెబుతాను. గోడకు తగిలించే ఉష్ణమాపినులు రెండు కొనండి. జ్వరం చూసేవి పనికిరావు. ఒకదాని గుండుకు పలుచని నూలుగుడ్డ చుట్టి తడిపి, రెంటినీ నీడలో ఉంచి ఐదు నిమిషాలు విసరండి. రెంటి మధ్య తేడా 10 డిగ్రీలు లేక అంతకు మించి ఉంటే ఆ ఇంట్లో నీళ్ల కూలరు, వట్టివేళ్ల తడికలు చక్కగా పనిచేస్తాయి. తేడా ఐదు డిగ్రీల లోపు అయితే కూలరు గదిని చెమ్మగిల్లజేయడం తప్ప ఉపకరించదు. ఒడ్డున కూలరు కొని విసుగెత్తి పారవేసినవారు లోపలి ఊళ్లో దానిని మళ్లీ ప్రయత్నించవచ్చు. అయితే కిటికీ తీసి ఉంచి వాడాలి. మూసిన గదిలో అది తన తేమలో తానే ఓడిపోతుంది.

రాత్రివేళ గోడ మీద చెయ్యి

ఇల్లు చూడబోయేవారు ఉదయం తొమ్మిదింటికి వెళతారు. కొంచెం తెలివిగలవారు మధ్యాహ్నం మూడింటికి వెళతారు. నేను మాత్రం రాత్రి పదింటికి వెళ్లమంటాను. పగటి వేడికి అలసిన శరీరం రాత్రి నిద్రలో కోలుకోవాలి. రాత్రి కూడా చల్లబడని గదిలో వరుసగా నాలుగు రోజులు పడుకున్న వృద్ధునికి ఐదవ పగలు ప్రాణాంతకం కావచ్చు.

ఈ విషయంలో లోపలి నేలకు ఒక మేలు ఉంది. సముద్రం పక్కన రాత్రి కూడా తేమ, వేడి అంతగా తగ్గవు. ఖాళీస్థలం, చేలు ఉన్న లోపలి ప్రదేశం సూర్యాస్తమయం కాగానే త్వరగా చల్లబడుతుంది. అయితే అదే లోపలి ప్రదేశంలో ఇంటికి ఇల్లు ఆనుకొని, చెట్టులేని సిమెంటు వీధులు ఉంటే పగటి వేడి తెల్లవారుజాము వరకు అక్కడే తచ్చాడుతుంది. శివారు అన్న పేరు ఒకటే, స్థలాలు రెండు.

కాబట్టి వేసవిలో, మేఘం లేని రోజున, రాత్రి పదింటికి పడకగది పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి చురుక్కుమంటే ఆ గది వృద్ధులకు, పసిపిల్లలకు తగదు. పై అంతస్తయితే కప్పు కింద నిలబడి, నడినెత్తికి సెగ తగులుతున్నదా గమనించండి. గ్రీష్మంలో పగలు చల్లని గదిలో నిద్రించి, రాత్రి వెన్నెలలో చల్లబడిన మేడమీద గాలికి పడుకోమని చరకుడు చెప్పాడు. ఆ మాట పట్టుకొని ఈనాటి కాంక్రీటు డాబా మీద సంధ్యవేళ చాప వేస్తే వీపు కాలుతుంది. శాస్త్రం తప్పు కాదు, కప్పు మారింది. డాబాను సాయంకాలం తడిపి, బాగా ఆరాక, రాత్రి తొమ్మిది దాటిన తరువాత పడుకోవచ్చు.

కప్పుకు ఏటా మాఘ ఫాల్గుణాలలో తెల్లసున్నం వేయడం చౌకైన ఉపాయం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. మన తాతలు పెంకుటిళ్లలో ఆటకలు వేసి, వసారాలు దింపి సాధించినది కూడా ఇదే. పడమటి వైపు తాటాకు పందిరి వేసి దొండ, చిక్కుడు పాదులు పాకించండి. కానుగ, వేప మొక్కలు నాటితే మూడు నాలుగేళ్లకు నీడ వస్తుంది. అప్పటివరకు పందిరే గతి.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. వేసవిలో బోరు ఎండుతుందా అని ఇరుగుపొరుగు ఆడవారిని అడగండి, ఇల్లు అమ్మేవారిని కాదు. తాగేనీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, 1.5 దాటకూడదు.

ఎవరి శరీరం ఎట్టిది

ఇంటిల్లిపాదికీ ఒకే తీర్పు చెల్లదు. పిత్తప్రకృతి గలవారు, అంటే ఎండకు కళ్లెర్రబడి తలనొప్పి తెచ్చుకునేవారు, ముక్కునుంచి రక్తం కారేవారు, పులుపు కారం పడనివారు, లోపలి వేడికి త్వరగా బాధపడతారు. వాతప్రకృతి వారికి పొడిగాలి వల్ల చర్మం పగలడం, మలబద్ధం, నిద్రలేమి కలుగుతాయి. వారానికి రెండుసార్లు అభ్యంగనం వారికి ఔషధంతో సమానం. కఫప్రకృతి వారు, ఉక్కకు కీళ్లు పట్టేసినట్టు బాధపడేవారు లోపలి గాలికి హాయి పొందడం కద్దు.

ప్రకృతిని మించి చూడవలసినది వాడుతున్న మందులు. మూత్రం జారీచేసే మాత్రలు శరీరంలోని నీటిని, ఉప్పును తీస్తాయి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. అట్టివారు వేసవికి ముందే తమ వైద్యునితో మోతాదు గురించి మాట్లాడాలి. ఎండలు వచ్చాయి కదా అని మాత్ర తామే మానివేయడం గుండెజబ్బు గలవారికి చేటు. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయినపుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. గది వేడి 30 దాటిన చోట సీసాను బల్లమీద ఉంచరాదు. వెడల్పు మట్టికుండలో నీళ్లు పోసి, అందులో చిన్న మట్టిపాత్ర పెట్టి, దానిలో నీరు తగలకుండా సీసా ఉంచడం మంచి ఉపాయం. మూత్రంలో రాళ్లు ఏర్పడిన చరిత్ర ఉన్నవారు లోపలికి మారితే దినానికి రెండు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటంతగా నీరు త్రాగాలి. గోధుమగడ్డి రంగు మూత్రం మంచి గుర్తు, ముదురు పసుపు హెచ్చరిక.

ఇక ఎండలో పనిచేసేవారి మాట. ఇల్లు చల్లగా ఉండి, ఆఫీసు ఊళ్లో ఉండి, మధ్యాహ్నం స్కూటరు మీద గంట ప్రయాణం ఉంటే వేడి తగిలేది ఇంట్లో కాదు, దారిలో. కుటుంబంలో ఎవరు ఏ వేళకు బయట ఉంటారో ఒక కాగితం మీద వ్రాసుకోండి. నిర్ణయం సగం ఆ కాగితమే చెబుతుంది.

ఏ మాసంలో మారాలి

మనవాళ్లు ఇళ్లు మారేది ఎప్పుడు? పిల్లల పరీక్షలు అయిపోయాక, వైశాఖ జ్యేష్ఠ ముహూర్తాలలో. సముద్రపుగాలికి అలవాటుపడిన శరీరాన్ని, సరిగ్గా రోళ్లు పగిలే రోహిణి కార్తె ముంగిట, సామాన్లు మోయించి, నిద్ర చెడగొట్టి, వంటిల్లు సర్దుకోక హోటలు తిండి తినిపించి, కొత్త వేడిలో పడవేస్తాం. ఆ తరువాత ఊరు పడలేదంటాం. ఊరు పడలేదో, వేళ పడలేదో ఎవరు చెప్పగలరు?

అలవాటైన అహితాన్ని పాదం వంతున, అంటే నాలుగో భాగం చొప్పున విడుస్తూ, హితమైనదాన్ని అదే క్రమంలో స్వీకరించమని చరకుడు చెప్పిన పద్ధతికి పాదాంశిక క్రమమని పేరు. ఆహారవిహారాలకు చెప్పిన ఆ నియమాన్ని నివాసానికి అన్వయించడం నా సాహసమే కావచ్చు. కాని దానికి తగిన ఆధారం ఆధునిక పరిశోధనలో ఉంది. వేడి ప్రదేశానికి వెళ్లిన ఆరోగ్యవంతుని శరీరం ఒకటి రెండు వారాలలో త్వరగా చెమట పట్టడం, చెమటలో ఉప్పును పొదుపు చేయడం నేర్చుకుంటుంది. వృద్ధులకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఈ అలవాటు దినానికి కొంతసేపు వేడికి గురైతేనే వస్తుంది. రోజంతా ఎ.సి. గదిలో ఉంటే రాదు. చల్లని చోటికి పోయి కొన్ని వారాలు ఉంటే వచ్చిన అలవాటు పోతుంది కూడా.

కనుక కార్తికంలోగాని మాఘంలోగాని మారడం ఉత్తమం. అప్పుడు చేరినవారికి ఎండ ఒక్కసారి మీదపడదు, రోజుకు కొంచెం చొప్పున పెరుగుతూ వస్తుంది. శిశిరం నుండి గ్రీష్మం వరకు ప్రకృతే పాదాంశిక క్రమాన్ని నడిపిస్తుంది. ఉచితమైన ఆహారం, నిద్ర, వ్యాపారం పాటించేవానికి కొత్త దేశం వల్ల భయం లేదన్న అభిప్రాయం సుశ్రుతంలో ఉంది. ఆ ఉచితమేదో నేర్చుకోవడానికి కావలసినది ఈ ఆరు నెలల వ్యవధి. తప్పనిసరిగా వేసవిలోనే మారవలసివస్తే మొదటి రెండు వారాలు పదకొండు నుంచి నాలుగు వరకు బయటి పనులు పెట్టుకోకండి. సామాన్లు సర్దడం తెల్లవారుజామున చేసుకోండి. సాయంకాలపు నడకను ఉదయానికి మార్చండి.

మొదటి వేసవికి గృహపానీయాలు

మజ్జిగతో మొదలుపెడదాం. ఉష్ణకాలంలో, బలహీనులకు తక్రం ఇవ్వవద్దని సుశ్రుతంలో ఉందని కొందరు పాఠకులు ఆక్షేపించవచ్చు. ఆ నిషేధం చిక్కగా, పుల్లగా ఉండే తక్రానికి వర్తిస్తుందనీ, పుల్లబడని పెరుగు ఒక వంతుకు నాలుగైదు వంతుల నీరు పోసి, వెన్న తీసి, కరివేపాకు, చిటికెడు శొంఠి చేర్చిన మన నీళ్లమజ్జిగకు వర్తించదనీ నా అభిప్రాయం. పులిసిన మజ్జిగ మాత్రం నిజంగానే పిత్తాన్ని రేపుతుంది. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడి అంబలిని ఈ మజ్జిగతో కలిపి ఉదయం తీసుకోవడం మరవరాని మంచి అలవాటు. ఎండలో పోవలసినవారు ఖాళీ కడుపుతో కాఫీ మాత్రం త్రాగి బయలుదేరడం కన్నా ఇది వేయిరెట్లు మేలు.

లోపలి మంట, అతిదాహం ఉన్నవారికి ధనియాల హిమం ప్రశస్తం. రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, ఒక గ్లాసు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, పటికబెల్లం కలిపి త్రాగాలి. మధుమేహులు తీపి లేకుండా త్రాగవచ్చు. సుగంధిపాల వేళ్లను కూడా ఇదే విధంగా నానబెట్టుకోవచ్చు. బజారులో దొరికే రంగు షర్బతులలో చక్కెర తప్ప వేరు తక్కువ. తాగే నీటికుండలో శుభ్రంగా కడిగిన వట్టివేళ్ల మూట వేసి, రెండు మూడు రోజులకొకసారి మార్చండి. గ్రీష్మంలో చందనలేపనం శాస్త్రసమ్మతం. సింహాచలం స్వామికి ఏడాది పొడవునా చందనపు పూతే అలంకారం. కాని అంగడిలో అమ్మే పొడిలో అసలు గంధం ఎంతో చెప్పడం కష్టం. అంత ఖర్చుకు బదులు తడి తువాలు మెడ మీద వేసుకున్నా చాలు.

రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు కలిపిన పానీయాలను వైద్యుని అడిగే తీసుకోవాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం అధికం కాబట్టి మూత్రపిండాల రోగులకు అవి కూడా నిరపాయకరం కావు. ఆరోగ్యవంతునికి చెమట ఎక్కువ పోయి నీరసం వస్తే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. కొలత తప్పరాదు. చెంచా అంటే టీ చెంచా.

వడదెబ్బకు ఇంటివైద్యం లేదు

గృహవైద్యం వ్రాసే పత్రికలోనే ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎండకు సొమ్మసిల్లినవానిని నీడకు చేర్చి పానీయమిస్తే తేరుకుంటాడు. కాని మాట తడబడడం, మనుషులను గుర్తించకపోవడం, మూర్ఛ, శరీరపు వేడి 40 డిగ్రీలకు, అంటే 104 ఫారెన్‌హీటుకు చేరడం జరిగితే అది వడదెబ్బ. చర్మం పొడిగా ఉండాలని నియమం లేదు, చెమట పడుతూ కూడా వడదెబ్బ తగలవచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోపు బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. చంకలలో, గజ్జలలో, మెడ వద్ద మంచుముక్కల మూటలు పెట్టండి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరం మాత్ర పనిచేయదు. అరికాళ్లకు ఉల్లిరసం రాస్తూ కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి.

ఫ్యాను గురించి కూడా ఒక భ్రమ ఉంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి శరీరాన్ని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఒంటరిగా ఉన్న వృద్ధులు తలుపులు మూసుకొని ఫ్యాను కింద పడుకొని ఉంటే ఇంటివారు నిశ్చింతగా ఉంటారు. ఆ మధ్యాహ్నమే ఒకసారి ఎవరైనా వెళ్లి పలకరించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నీళ్లు ఇవ్వాలి. కొత్త వీధిలో అట్లా పలకరించేవారు ఎవరున్నారన్నది కూడా ఇల్లు ఎన్నుకునేటపుడు ఆలోచించవలసిన విషయమే.

మొదట చెప్పిన కుటుంబం వారు పెట్టుకున్న ముహూర్తాన్ని వదులుకోలేదు. వైశాఖంలో పాలు పొంగించి, ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. పరీక్ష ఆ రాత్రే జరిగింది. మేడమీది పడమటి గది గోడ పదకొండింటికి కూడా చల్లబడలేదు. కింది తూర్పు గది మాత్రం తెల్లవారుజామున దుప్పటి అడిగింది. మర్నాడు తాళం వేసి తిరిగి వచ్చి, కార్తికంలో సామాన్లు తరలించారు. తూర్పు గది తండ్రిగారికి ఇచ్చారు. ఆయన మాత్ర మోతాదును గుండె వైద్యుడు మార్చిలో ఒకసారి చూసి సవరించాడు. మొదటి ఏడాది రోహిణి కార్తె రెండు వారాలు ఆయన ఒడ్డున ఉన్న కూతురింట గడిపి, మృగశిర ప్రవేశించి మబ్బులు పట్టాక తిరిగి వచ్చారు. అలవాటు కొంత పోతుందని తెలిసినా ఆ వయసులో అదే క్షేమమని నేనే చెప్పాను. పాపకు ఈ వర్షాకాలంలో ఇప్పటికి రెండుసార్లు ఆయాసం వచ్చింది. మునుపు ఇదే సమయానికి నాలుగైదుసార్లు వచ్చేదట. ఇది నేల గుణమా, వయసు పెరగడం వల్ల కలిగిన మార్పా చెప్పడానికి ఇంకొక ఏడాది చూడాలి. వీధికి తారు మాత్రం ఇంకా పడలేదు. ఉదయం సాయంకాలం గుమ్మం ముందు నీళ్లు చల్లుతున్నారు.